ఎడ్లపాడు నుంచి పెద్దాసుపత్రికి: మూలం తెలియని క్యాన్సర్ రోగుల రిఫరల్ – చారిత్రక పరిశీలన

తెలుగులో క్యాన్సర్‌కు వాడుకలో ఉన్న పాత పేర్లు రాచపుండు, పుట్టకురుపు. రెండు మాటలూ కంటికి కనిపించే పుండునో, చేతికి తగిలే గడ్డనో సూచిస్తాయి. వ్యాధికి పేరు పెట్టాలంటే ముందు దానికొక చోటు ఉండాలన్నమాట. ఆధునిక ఆసుపత్రుల విభజన కూడా చాలావరకు ఈ తర్కం మీదనే నడిచింది. మరి కాలేయానికో, ఎముకలకో, మెడ గ్రంథులకో వ్యాపించి, మొదలైన అవయవం మాత్రం దొరకని క్యాన్సర్ రోగి ఏ విభాగానికి చెందుతాడు? పల్నాడు జిల్లా ఎడ్లపాడు నుంచి నిపుణ వైద్యానికి సాగిన దారుల నేపథ్యంలో ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఎడ్లపాడు మద్రాసు-కలకత్తా రహదారిపై గుంటూరుకూ చిలకలూరిపేటకూ నడుమ ఉంది. ఇక్కడివారికి పెద్ద వైద్యమంటే మొదట గుంటూరే. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కూగ్లర్ అక్కడ స్థాపించిన లూథరన్ మిషన్ ఆసుపత్రి 1898లో ప్రారంభమైంది. ప్రభుత్వ వైద్య కళాశాల 1946లో ఏర్పడింది. రేడియేషన్ చికిత్స విషయంలో మాత్రం చూపు మద్రాసు వైపే ఉండేది. అక్కడ 1934లో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ, 1954లో ముత్తులక్ష్మీ రెడ్డి కృషితో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చాయి. అయితే అడయారు సంస్థ తెరుచుకునే నాటికే, 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. 1955లో హైదరాబాదులో నెలకొన్న సంస్థ (నేటి ఎం.ఎన్.జె. ఆసుపత్రి) 1956 తర్వాత మన రాజధానిలోనిదైంది, 2000లో బసవతారకం ఆసుపత్రి దానికి తోడైంది. 2014 విభజనతో ఆ రెండూ మళ్ళీ సరిహద్దుకు అవతల మిగిలాయి. రిఫరల్ చరిత్రను రాష్ట్రాల చరిత్ర నుంచి విడదీసి చదవలేమని చెప్పడానికి ఈ రెండు సందర్భాలూ చాలు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడ్డాక ఎడ్లపాడుకు జిల్లా కేంద్రం నరసరావుపేట. నాట్కో ట్రస్టు సాయంతో వెలసిన ప్రభుత్వ క్యాన్సర్ విభాగం మాత్రం గుంటూరు సర్వజనాసుపత్రిలో ఉంది.

దూరం తగ్గినా చిక్కు తీరలేదు. మెడలో గ్రంథి వాస్తే మన దేశంలో మొదట తట్టేది క్షయ. ఆ మందులతోనే కొన్ని వారాలు గడిచిపోవచ్చు. తర్వాత గొంతు వైద్యుడు, ఊపిరితిత్తుల వైద్యుడు, శస్త్రవైద్యుడు తమ అవయవంలో ఏమీ లేదని వరుసగా చెబుతారు. ఎవరి మాటా తప్పు కాదు. కానీ ఇన్ని సరైన అభిప్రాయాలు కలిసినా రోగికి ఒక వైద్యుడు ఏర్పడడు. మిగిలిన ఆయువును నెలల్లో లెక్కించవలసిన రోగి విషయంలో ఈ కాలయాపన చిన్నది కాదు.

ఇంగ్లండులో నైస్ సంస్థ 2010లో వెలువరించిన మార్గదర్శకాలు ఈ చిక్కునే పట్టుకున్నాయి. ఇలాంటి రోగుల బాధ్యత వహించడానికి ప్రత్యేక బృందం ఉండాలన్నాయి. ఆసుపత్రిలో చేరినవారిని మరుసటి పనిదినం ముగిసేలోగా, బయటి రోగులను రెండు వారాల్లోగా ఆ బృందం చూడాలని గడువు పెట్టాయి. మూలం దొరకకపోయినా చికిత్సకు దారి ఉన్న సందర్భాలున్నాయి. స్త్రీకి చంకలోని గ్రంథుల్లో అడినోకార్సినోమా కనిపిస్తే రొమ్ము క్యాన్సర్‌గా భావించి చికిత్స చేస్తారు. మరోవైపు, ఫలితం చికిత్సను మార్చదని తెలిసినప్పుడు పరీక్షలు ఆపి నొప్పి నివారణకు మళ్ళడం కూడా నిపుణుల నిర్ణయమే. దీన్ని మన వైద్య చర్చల్లో తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. అప్పు చేసి పరీక్షలకు తిరిగే కుటుంబానికి ‘ఇక చాలు’ అని చెప్పగల అధికారం ఎవరికో ఒకరికి ఉండాలి కదా!

చరిత్రకారులకు ఇక్కడ ఆధారాల సమస్య ఒకటి ఎదురవుతుంది. అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణలోని సి80 సంకేతం కింద, మూలం తెలియలేదని స్పష్టంగా నమోదైన కేసులకు ఒక ఉపసంకేతం, మూలమేదో రాయని కేసులకు మరొకటి తర్వాతి కాలంలో ఏర్పరిచారు. వెతికినా దొరకకపోవడం వేరు, వెతకకపోవడం వేరు. రిజిస్టరులో ‘మూలం తెలియదు’ అన్న మాట ఒక్కటే ఉంటే అది వ్యాధి స్వభావాన్ని చెబుతోందో, రోగి ఏ ఆసుపత్రి దగ్గర ఆగిపోయాడో చెబుతోందో తేల్చలేం. రిఫరల్ చీటీలో అంతవరకు చేసిన పరీక్షల వివరాలుంటే ఆ తేడా తెలుస్తుంది. బయాప్సీ నివేదికతో పాటు స్లైడ్లు, పారఫిన్ బ్లాకు కూడా రోగి వెంట పంపితే, గుంటూరులోనో మంగళగిరి ఎయిమ్స్‌లోనో మళ్ళీ ముక్క తీయకుండానే తదుపరి పరీక్షలు చేసే వీలుంటుంది.