అనంతర సంరక్షణ (ఐర్లాండ్)

అనంతర సంరక్షణ: ప్రభుత్వ సంరక్షణలో, అంటే పెంపుడు కుటుంబాల్లోనో పిల్లల గృహాల్లోనో పెరిగిన యువత 18 ఏళ్లు నిండి బయటికి వచ్చాక అందే సాయం. ఐర్లాండ్‌లో ఈ బాధ్యత 2014 జనవరి 1న ఏర్పడిన టుస్లా సంస్థది.

చట్టం: 1991 బాలల సంరక్షణ చట్టంలోని 45వ సెక్షన్ దీనికి ఆధారం. 2015 సవరణ ప్రకారం అర్హులకు అనంతర సంరక్షణ ప్రణాళిక తప్పనిసరి. 13–18 ఏళ్ల మధ్య కనీసం 12 నెలలు సంరక్షణలో గడిపినవారు అర్హులు. సాయం 21 ఏళ్ల వరకు, చదువు కొనసాగితే 23 వరకు అందవచ్చు.

ప్రణాళిక: చదువు, డబ్బు లెక్కలు, ఉద్యోగం, ఆరోగ్యం, వ్యక్తిత్వ వికాసం, వసతి, కుటుంబ మద్దతు అనే ఏడు అంశాల్లో అవసరాలను అంచనా వేసి దీన్ని రాస్తారు. అద్దె కట్టడం, నెల ఖర్చు సర్దుకోవడం వంటివీ ఇందులోకే వస్తాయి.

తల్లిదండ్రులైనవారు: పిల్లలు పుట్టినా అనంతర సంరక్షణ హక్కు పోదు. ప్రతి బిడ్డకూ నెలకు 140 యూరోల చైల్డ్ బెనిఫిట్ ఉంది. ఒంటరి తల్లికి లేదా తండ్రికి ఆదాయాన్ని బట్టి వేరే భృతి దొరుకుతుంది. కష్టమంతా వసతి దగ్గరే: ఒక్కరికి సరిపోయే గది తల్లీబిడ్డలకు చాలదు.

లూకన్: వసతి కోసం ఎక్కడ అడగాలో ఒక ఉదాహరణ ఇది. డబ్లిన్‌కు పశ్చిమాన లిఫీ ఒడ్డునున్న ఈ శివారులో ప్రభుత్వ గృహవసతి దరఖాస్తులు సౌత్ డబ్లిన్ కౌంటీ కౌన్సిల్‌కు వెళ్తాయి. ఇలాంటి విషయాల్లో సంరక్షణ అనుభవమున్న యువత తరఫున ఎపిక్ అనే జాతీయ సంస్థ మాట్లాడుతుంది.

పోలిక: తెలుగు రాష్ట్రాల్లో 2015 బాల న్యాయ చట్టం 46వ సెక్షన్ కింద 18 ఏళ్లు నిండి సంరక్షణ సంస్థను వీడేవారికి ఆర్థిక సాయం ఇవ్వవచ్చు.