పాతబట్టల పెట్టె ఎక్కడ పుట్టింది?

డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చిన పెద్దవాళ్లు ఆ పెట్టెను చూసే ఉంటారు. పెట్రోలు బంకు పక్కనో, చర్చి వెనకో, దుకాణాల ముందు కార్లు ఆపేచోటో మనిషెత్తు ఇనుపపెట్టె నిలబడి ఉంటుంది. ముందువైపు పైభాగాన ఒక పిడి. దాన్ని పట్టుకుని లాగితే సొరుగులాంటి అర బయటికి వాలుతుంది. బట్టల మూట అందులో పెట్టి వదిలేస్తే అర వెనక్కి తిరిగి మూటను లోపలికి జారవిడుస్తుంది. వేసిన మూటను మళ్లీ చేత్తో అందుకోవడం కుదరదు. పెట్టెకు తాళం వేసిన తలుపు ఒకటి ఉంటుంది, దాని తాళంచెవి వ్యానులో వచ్చే మనిషి దగ్గరే. ఇచ్చేవాళ్లు ఒక వేళ వస్తారు, తీసుకెళ్లేవాళ్లు మరో వేళ. ఒకరి మొహం ఒకరు చూసుకునే పనే లేదు.

మన ఊళ్లలో ఈ పని ఎదురెదురుగా కూర్చుని జరిగేది. స్టీలు సామాన్ల గంప దించి అరుగు మీద చతికిలబడ్డ ఆవిడ ప్రతి చీరనూ విప్పి, వెలుతురుకు పట్టి చూసి, "అంచు పోయిందమ్మా, దీనికి గిన్నె ఎక్కడొస్తుంది, గ్లాసు తీసుకో" అని బేరం మొదలుపెట్టేది. ఏది కట్టుకోవడానికి పనికొస్తుంది, ఏది బొంతకు, ఏది తుడుపుగుడ్డకు అన్న లెక్క గడపలోనే తేలిపోయేది. ఇనుపపెట్టె ఆ మనిషిని తప్పించింది. ఎందుకు, ఎలా తప్పించిందన్నదే ఈ పెట్టె చరిత్ర. మన అపార్ట్‌మెంట్ల గేటు దగ్గరా ఇలాంటిది పెట్టించాలనుకునేవాళ్లు ఆ చరిత్ర ముందు తెలుసుకోవాలని నా కోరిక.

పెట్టె రాకముందు ఐరోపాలో చింకిగుడ్డ మంచి సరుకు. పందొమ్మిదో శతాబ్దం సగం గడిచేదాకా అక్కడ కాగితం తయారయ్యింది చాలావరకు నార, నూలు గుడ్డపీలికలతోనే. ఉన్నిగుడ్డకు ఇంకో దారి దొరికింది. ఇంగ్లండులో యార్క్‌షర్ ప్రాంతపు బాట్లీ ఊళ్లో బెంజమిన్ లా 1813లో పాత ఉన్నిబట్టలను పీచుగా చీల్చి, కొత్త ఉన్ని కలిపి మళ్లీ దారం వడికాడు. ఆ గుడ్డకు షాడీ అని పేరొచ్చింది. బాట్లీ, డ్యూస్‌బరీ ఊళ్లు దాని మీదే పెరిగాయి. ఇంత గిరాకీ ఉన్న సరుకును ఏరుకొచ్చేవాళ్లు మాత్రం నిరుపేదలు. పారిస్‌లో వీపున బుట్ట, ఒక చేతిలో లాంతరు, మరో చేతిలో కొక్కెంకర్రతో రాత్రిళ్లు వీధులు తిరిగేవాళ్లు. ఇళ్లవాళ్లు గుమ్మం ముందు పోసిన చెత్తకుప్పే వాళ్ల పొలం.

ఆ కుప్ప మీద పెద్ద దెబ్బ 1883-84లో పడింది. పారిస్ పాలనాధికారి యూజీన్ పూబెల్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ఇంటి యజమానులు అద్దెకున్నవాళ్ల కోసం మూతలున్న డబ్బాలు పెట్టించాలి. అవీ మూడు రకాలు: కుళ్లే చెత్తకు ఒకటి, గాజూ పింగాణీ ఆల్చిప్పలకు ఒకటి, కాగితాలకూ గుడ్డలకూ ఒకటి. పాతగుడ్డల కోసం ఇంటిముందు విడిగా డబ్బా ఉంచాలని ప్రభుత్వం చెప్పిన తొలి సందర్భాల్లో ఇదొకటి. ఖర్చు మా నెత్తిన రుద్దుతున్నారని యజమానులు గొడవ చేశారు. మా నోటికాడ కూడు లాగేస్తున్నారని చింకిగుడ్డలు ఏరేవాళ్లు మొరపెట్టుకున్నారు. మూడు డబ్బాల వేర్పాటు నిలవలేదు గానీ డబ్బా నిలిచింది. పెట్టె ఎవరి జాగాలో ఉండాలి, ఎవరి ఖర్చు, దానివల్ల ఎవరి పొట్ట కొట్టినట్టవుతుంది అన్న మూడు ప్రశ్నలూ అప్పుడే పుట్టాయి. ఈనాటికీ అవే ప్రశ్నలు.

తర్వాతి మలుపు ధర్మసంస్థలది. సాల్వేషన్ ఆర్మీ స్థాపకుడు విలియం బూత్ 1890లో అచ్చువేసిన పుస్తకంలో ఒక పథకం చెప్పాడు. పోలీసు బీటు తిరిగినంత నియమంగా పనిలేని మనుషులు ఊరంతా తిరిగి ఇళ్లలో మిగిలినవన్నీ సేకరించాలి, వాటిని బాగుచేసి అమ్మాలి, ఆ డబ్బుతో వాళ్లే బతకాలి. 1897లో న్యూయార్క్‌లో, మగవాళ్ల ఆశ్రమం నేలమాళిగలో, అది తోపుడుబండ్లతో మొదలైంది. అప్పుడు అమెరికా శాఖను నడుపుతున్నది ఫ్రెడరిక్ బూత్-టక్కర్. ఈయన తెలుగువాళ్లకు కొత్తవాడు కాదు. ఐసీఎస్ ఉద్యోగం వదిలేసి, 1882లో బొంబాయిలో సాల్వేషన్ ఆర్మీని ఆరంభించి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకుని కాషాయంలో తిరిగిన మనిషి. మళ్లీ ఇండియా వచ్చాక ఆయన హయాంలోనే, నేరస్థ జాతి అన్న అన్యాయపు ముద్ర మోస్తున్న ఎరుకల కుటుంబాల కోసమంటూ బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. పేదవాడికి పని చూపిస్తే బాగుపడతాడన్న ఒకే ఆలోచన న్యూయార్క్‌లో తోపుడుబండి అయింది. స్టువర్టుపురంలో పోలీసు హాజరుపట్టీతో కలిసి బతుకుల మీద బరువైంది. దానం వెనక ఎవరి అదుపు ఉందో చూడకుండా దాన్ని మెచ్చుకోలేం.

బోస్టన్ కథ నాకు ఇష్టమైనది. అక్కడి సౌత్ ఎండ్ వలసవాళ్ల పేట. మెథడిస్టు పాస్టరు ఎడ్గర్ హెల్మ్స్ 1902లో గోనెసంచులు పట్టుకుని డబ్బున్నవాళ్ల పేటలకు వెళ్లాడు. కాఫీగింజలు వచ్చిన సంచులే. పాతబట్టలు, చెప్పులు, సామాన్లు నింపి పెట్టండి, మళ్లీ వచ్చి తీసుకెళతాం అన్నాడు. తెచ్చినవాటిని ఊరికే పంచిపెట్టలేదు. పేటలో పనిలేనివాళ్లను కూర్చోబెట్టి కుట్టించాడు, గుండీలు వేయించాడు, చెప్పులకు అట్టలు కొట్టించాడు, కూలి ఇచ్చాడు. బాగుచేసిన బట్టను అదే పేటలో చవగ్గా అమ్మాడు. ఉచితంగా పుచ్చుకునేవాడికి బట్ట నచ్చలేదని చెప్పే హక్కు ఉండదు, కొనుక్కునేవాడికి ఉంటుంది. తర్వాత గుడ్‌విల్ అన్న పేరుతో ఇది అమెరికా అంతటా పాకింది. సంచి ఇంటికి రావడం, నిండాక మనిషి వచ్చి పట్టుకెళ్లడం, చేతులు దాన్ని బాగుచేయడం అనే గొలుసులో సంచి ఒక్క లంకె మాత్రమే.

ఆ గొలుసు ఎందుకు తెగింది? రెండో ప్రపంచయుద్ధం తర్వాత బట్ట చవకైంది, అల్మరాలు నిండాయి, ఇంటింటికీ వ్యాను పంపడం ఖరీదైంది. కారు ఉన్నవాళ్లే మూట తెచ్చి పడేస్తే పని సులువు. పైగా చిరుగులు కుట్టించే కూలికన్నా కొత్త చొక్కా ధర తక్కువైతే కుట్టే మనిషికి చోటెక్కడ? బ్రిటన్‌లో 1977 జూన్‌లో బార్న్‌స్లీ ఊళ్లో ఖాళీసీసాల కోసం తొలి బహిరంగ పెట్టె పెట్టారు. అది అలవాటు చేసిన దారిలోనే సూపర్‌మార్కెట్ల ముందు బట్టల పెట్టెలూ వరసకట్టాయి. ఆక్స్‌ఫామ్ సంస్థ అంతకుముందే, 1974లో, హడర్స్‌ఫీల్డ్‌లో బట్టలు వేరుచేసే కేంద్రం పెట్టింది. పాత షాడీ ఊళ్లకు కూతవేటు దూరంలో. ముందు వేరుచేసే చోటు, ఆ తర్వాత పెట్టెల వరస. ఈ వరసను నేను కావాలనే నొక్కి చెబుతున్నాను.

ఫ్రాన్స్‌లో ల రలే సంస్థ కూడా ఆ క్రమమే పాటించింది. బొగ్గుగనులు మూతపడి పనుల్లేకుండా పోయిన ఉత్తర ప్రాంతంలో 1984లో పుట్టింది. అబ్బే పియేర్ మొదలుపెట్టిన ఎమ్మావుస్ ఉద్యమంలో భాగం. దాని తెల్లపెట్టెలు ఫ్రాన్స్ వీధుల్లో అందరికీ తెలుసు. వచ్చిన మూటలు బల్లల మీదికి చేరతాయి, చేతులు వేరుచేస్తాయి, పాత జీన్స్ నూలు ఇళ్ల గోడల్లో చలినాపే పొరగా మారుతుంది.

పెట్టెలో డబ్బుందని తెలిశాక అమెరికాలో వ్యాపారులూ దిగారు. దుకాణం యజమానికి నెలకింత అద్దె, పెట్టె మీద ఏదో ధర్మసంస్థ గుర్తు, బట్టలు మాత్రం నేరుగా టోకు బజారుకు. అడగకుండానే రాత్రికి రాత్రి పెట్టె దించిపోయేవాళ్లూ తయారయ్యారు. అందుకని చాలా నగరాలు అనుమతి తీసుకోవాలని, పెట్టె మీద పేరూ ఫోను నంబరూ స్పష్టంగా రాయాలని నిబంధనలు పెట్టాయి. మిషిగన్‌లోని సెయింట్ జాన్స్ అనే చిన్న ఊరు బయట పెట్టెలనే పూర్తిగా నిషేధించింది. పెట్టెలతో బట్టలు సేకరించే ప్లానెట్ ఎయిడ్ సంస్థ కోర్టుకెక్కింది. 2015లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ నిషేధం అమలు కాకుండా ఆపింది. విరాళం అడిగే పెట్టె కూడా మాట్లాడే గొంతేనని, దానికీ భావప్రకటన హక్కు రక్షణ ఉందని తేల్చింది. మనిషిని తప్పించి పెట్టిన పెట్టె కోర్టులో మళ్లీ మనిషి గొంతయింది.

కెనడాలో జరిగింది తలచుకుంటే మనసు వికలమవుతుంది. 2018 డిసెంబరు చివర వెస్ట్ వాంకూవర్‌లో, 2019 జనవరిలో టొరంటోలో పెట్టెల్లో ఇరుక్కుని మనుషులు చనిపోయారు. అంతకుముందూ అలాంటి చావులున్నాయి. దొంగల చేయి దూరకుండా చేసిన ఆ అర, లోపలికి వంగిన మనిషిని వెనక్కి రానివ్వదు. బట్ట లేనివాడి కోసమని ఊరి మధ్య నిలబెట్టిన పెట్టె బట్ట తీసుకోబోయినవాడిని చంపింది. అప్పటికి గానీ పురపాలక సంఘాలు పెట్టెలు తీయించలేదు, తయారీదార్లు నమూనా మార్చలేదు.

పెట్టెలో పడ్డది ఎక్కడికి పోతుందన్నది ఇంకా పెద్ద కథ. గుజరాత్‌లోని కాండ్లా ప్రత్యేక ఆర్థిక మండలిలో ఆడవాళ్లు విదేశీ బేళ్లు విప్పి, చొక్కా చొక్కానూ పట్టి చూసి, ఇది ఆఫ్రికాకు, ఇది తుడుపుగుడ్డకు అని విసిరేస్తుంటారు. మళ్లీ కట్టుకోకుండా కత్తిరించి పంపిన ఉన్నిబట్టలు పానిపట్ చేరి, బాట్లీలో పుట్టిన పద్ధతిలోనే దుప్పట్లవుతాయి. వరదలప్పుడు, భూకంపాలప్పుడు బాధితులకు పంచిన దుప్పట్లలో ఒకప్పుడు చాలావరకు అక్కడివే. ఘనా రాజధాని ఆక్రాలో కాంటమాంటో బజారుకు పడమటి దేశాల పాతబట్టలు బేళ్లుగా చేరతాయి. ఏ బేలులో ఏముందో కొన్నాక గానీ తెలియదు, అమ్ముడుపోనిది ఊరి కాలవల్లోకి, సముద్రపొడ్డుకు చేరుతుంది. 2025 జనవరి మొదట్లో ఆ బజారు చాలావరకు కాలిపోయింది. ఎక్కడో పెట్టె దగ్గర తడిసిపోయిన మూటకు, చినిగిన టీషర్టుకు బిల్లు కట్టేది ఈ చివరి మనిషి.

వేరుచేయకుండా పంపిన బట్ట పుచ్చుకునేవాడికి బరువేనన్న పాఠం మన దేశంలో 2004 సునామీ నేర్పింది. తమిళనాడు తీరంలో దేశమంతటినుంచీ వచ్చిన పాతబట్టలు రోడ్ల పక్కన కుప్పలుగా పడి ఉండిపోయాయి. జాలరి కుటుంబాలు వాటిని ముట్టుకోలేదు. వాళ్లు కట్టుకునే బట్టలు కావవి, ఎవరూ వేరుచేసి ఇవ్వలేదు. 1999లో అన్షు గుప్తా ఢిల్లీలో మొదలుపెట్టిన గూంజ్ సంస్థ ఆ బట్టలను తీసుకుని పనికొచ్చేవాటిగా మార్చే బాధ్యత పెట్టుకుంది. గూంజ్ దారి హెల్మ్స్ దారికి దగ్గర. ఊరివాళ్లు తమకు అవసరమైన బావో, చెరువో, వెదురు వంతెనో తామే నిర్ణయించి కట్టుకుంటారు, ఆ పనికి ప్రతిగా బట్టల మూట అందుకుంటారు. చీరలు, చొక్కాలు కాలేని నూలుగుడ్డ ఉతికి, కోసి, నెలసరి ప్యాడ్లవుతుంది. ఇంత పని జరగాలంటే పెట్టె దగ్గరకన్నా వేరుచేసే గదిలో ఎక్కువమంది కూర్చోవాలి.

ప్రభుత్వాలూ ఇందులోకి దిగాయి. 2023 మేలో కేంద్రం ప్రచారం చేపట్టి పట్టణాల్లో పాతవస్తువుల సేకరణ కేంద్రాలు తెరిపించింది. తెలుగు రాష్ట్రాల పురపాలక సంఘాలూ తెరిచాయి. అటు ఐరోపా సమాఖ్యలో 2025 జనవరి 1 నుంచి పాతబట్టలను విడిగా సేకరించడం తప్పనిసరైంది. అదే ఏడాది జులైలో, వేరుచేసే ఖర్చుకు ఇచ్చే సొమ్ము చాలడం లేదంటూ ల రలే కొన్నాళ్లు సేకరణ ఆపేసింది. పెట్టెలు పొంగి మూటలు వీధిన పడ్డాయి. తీసుకెళ్లేవాడు ఆగిపోతే పెట్టె ఎవరి గేటు ముందుందో వాళ్లదే ఆ కుప్ప.

కాబట్టి అపార్ట్‌మెంటు సంఘం పెట్టెకు చోటిచ్చే ముందు కాగితం మీద రాయించుకోవాల్సినవి ఉన్నాయి. ఖాళీ చేసేది ఏ వారం, ఎవరు. వేరుచేసే చోటు ఎక్కడ, వెళ్లి చూడనిస్తారా. పనికిరానిది ఎటు పోతుంది. అమ్మితే డబ్బు ఎవరిది. న్యూయార్క్ నగరం 2011లో హౌసింగ్ వర్క్స్ సంస్థతో కలిసి పది, అంతకు మించి ఇళ్లున్న భవనాలకు ఉచితంగా పెట్టెలిచ్చినప్పుడు వాటిని భవనం లోపలే ఉంచారు. మన వానాకాలానికి అదే సరైన పద్ధతి. తడి ఒక్క మూటకు తగిలినా పెట్టెడు బట్టలూ బూజు పడతాయి.

ఏడాది పొడుగునా ఇనుపపెట్టెను కాపలా కాయలేమనిపిస్తే ఇంకో దారి ఉంది. సంక్రాంతికి ఎలాగూ ఇల్లు దులుపుతాం, పాతవి కొన్ని భోగిమంటలోనూ పడతాయి. సింథటిక్ బట్ట మంటలో పడితే వచ్చేది విషపు పొగే. భోగికి ముందు శని, ఆదివారాల్లో సెల్లారులో ఒక బల్ల వేసి, ఇద్దరు ముగ్గురు కూర్చుని, తెచ్చిన ప్రతి బట్టనూ అక్కడే విప్పి చూసి, ఉతికి తెమ్మనాల్సింది వెనక్కిచ్చి, గుండీ ఊడింది కుట్టి, పిల్లలవి, పెద్దలవి, దుప్పట్లు విడివిడిగా కట్టి, తీసుకెళ్లే సంస్థ వ్యాను సోమవారం పొద్దున వచ్చేలా ముందే మాట్లాడుకోవచ్చు.