లెక్క ఎవరికి చెప్పాలె?

సేవలో ఉన్న మాదిగ క్రైస్తవుడు ఊరందరికీ లెక్క చెప్పాలె. ఎంతకు అమ్ముడుబోయినవని పటేలు అడుగుతడు. నీకు వాక్యం ఏమర్థమయితదని చదువుకున్న విశ్వాసి అడుగుతడు. అమెరికా పైసలు ఎన్నొచ్చినయని హోటల్ కాడ చాయ్ తాగెటోడు అడుగుతడు. ఖిల్లా ఘణపూర్‌లో మా నాయిన ముప్పయేండ్లు జీతం లేని బోధకుడు. ఆరు రోజులు కూలి, ఏడో రోజు వాక్యం. ఆయన మోసిన ఈ మాటలకు పాత చరిత్ర ఉందని డిగ్రీకి పోయేదాకా నాకు తెల్వదు. మా ఊరి చరిత్ర అంటే గోన గనపారెడ్డి కోట, గణపసముద్రం చెరువు. అవి పుస్తకాల్లో ఉన్నయి. గేరి లేదు.

కాబట్టి మా చరిత్రను నేను దోర్నకల్‌లో వెతుక్కున్నాను. మా దిక్కు మిషన్ వేరు, అక్కడి మిషన్ వేరు. అయినా రెండూ అప్పటి నిజాం రాజ్యంలోవే. రెండు చోట్లా సంఘాన్ని నింపింది మాల మాదిగలే.

వేదనాయకం సామ్యేలు అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టాడు. నాడార్ కులం. గుడి మెట్లెక్కనియ్యని కులం అది. 1909లో దోర్నకల్ వచ్చాడు. మరుసటేడు ఎడింబరో ప్రపంచ మిషనరీ సభలో తెల్లవాళ్ల ముందే నిలబడి, మీరు మాకోసం చాలా ఇచ్చారు గాని స్నేహం ఇవ్వలేదు, అదివ్వండి అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. సభలో చాలామందికి కోపమొచ్చింది. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. అంతకుముందు వద్దన్నవాళ్లు రెండు రకాలు. భారతీయుడి కింద పని చెయ్యలేమన్న తెల్ల మిషనరీలు కొందరు, నాడార్ కింద ఉండలేమన్న పైకులపు తమిళ క్రైస్తవులు కొందరు. అజరయ్య ఎడ్లబండి కట్టించుకుని తెలుగు పల్లెలు తిరిగాడు.

అసలు పరీక్ష 1936లో వచ్చింది. అంతకు ముందటి అక్టోబర్‌లో యేవలాలో అంబేద్కర్ హిందువుగా చావనని ప్రకటించాడు. దేశమంతా మా మీద కళ్లు పడ్డాయి. 1936 చివర్లో జాన్ మాట్ అనే అమెరికన్ మిషన్ నాయకుడు గాంధీని కలిశాడు. ఆవుకు సువార్త చెబుతారా అని గాంధీ ఆయన్ని అడిగాడు. అంటరానివాళ్లలో కొందరు అర్థం చేసుకోవడంలో ఆవు కన్నా తక్కువేనన్నాడు. ఇది ఆయన సొంత పత్రిక హరిజన్‌లోనే అచ్చయింది. మహాత్ముడి మాట కాబట్టి మెత్తటి అర్థాలు చెప్పేవాళ్లున్నారు. చెప్పుకోనీ. మా పటేలు మాటకూ దీనికీ నాకు తేడా కనబడలేదు. మాకు బుద్ధి లేదు కాబట్టి మమ్మల్నెవరో కొనేశారన్నదే రెంటి సారాంశం.

దీనికి జవాబు అప్పటికే అచ్చయి ఉంది. జాతీయ క్రైస్తవ మండలికి అజరయ్య అధ్యక్షుడుగా ఉన్న రోజుల్లో ఆ మండలి సామూహిక మతాంతరాల మీద పెద్ద సర్వే చేయించింది. పికెట్ అనే మెథడిస్టు దాన్ని నడిపి 1933లో పుస్తకం వేశాడు. దాదాపు నాలుగు వేలమందిని, ఎందుకు క్రైస్తవులయ్యారని అడిగి రాసుకున్నారు. లోకపు లాభం కోసమని తేలింది నూటికి పదిమందిలోపే. సంఘం చేయించిన సర్వే గనుక కళ్లు మూసుకుని నమ్మాలని నేననను. కానీ వాళ్లు అడిగారు. ఆవుల సంగతి మాట్లాడినాయన ఆవులను అడగలేదు.

లాభం మాటొచ్చింది గనుక ఇంకో లెక్క. 1950 ఆగస్టు 10 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కాని వాణ్ణి షెడ్యూల్డు కులం కాదంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. మాకు లేదు. నా సర్టిఫికెట్ మీద బీసీ-సి అని ఉంటుంది. ఎస్సీకి పదిహేను శాతం, బీసీ-సికి ఒక్క శాతం. పదిహేను నుంచి ఒకటికి దిగినోణ్ణి పట్టుకుని లాభానికి మారినవంటారు. స్టాఫ్ రూంలో ఈ మాటొచ్చినప్పుడల్లా నేను చాక్‌పీసు తీసుకుని 15, 1 అని రాసి చూపిస్తుంటాను.

నాయినకు ఇట్లాంటి అంకెలు తెల్వవు. ఆయనకో నోటుబుక్కు ఉండె. కానుకల పెట్టెల ఎంత పడ్డది, లాంతరు నూనెకెంత, సావుకాడ ఇచ్చిందెంత, అన్నీ రాసి ఆదివారం అందరి ముందర చదివెటోడు. అమెరికా పైసల సంగతి ఎత్తినోని చేతుల కూడా అదే బుక్కు పెట్టెటోడు. "సదువుకో పటేలా, నీకు సదువొస్తదిగా" అనెటోడు. అంతకు మించి వాదం పెట్టుకోలే.

పైనుంచి వచ్చే నింద వేరు, లోపలినుంచి వచ్చే ప్రశ్న వేరు. అంబేద్కర్ అజరయ్యను అడిగింది రెండో రకం. మావాళ్లు క్రైస్తవులైతే ఎక్కడున్నా అందరికీ ఒకటే సంఘం ఉంటుందా, అందులో కులం ఉండదా అని. అంత సిగ్గు ఎప్పుడూ పడలేదని అజరయ్యే చెప్పుకున్నట్టు ఆయన జీవితం రాసినవాళ్లు రాశారు. సంఘాల ఐక్యత కోసం ఆయన 1919 తరంగంబాడి సమావేశం నుంచీ తిరుగుతూనే ఉన్నాడు. 1945 జనవరి 1న పోయాడు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబర్ 27న ఏర్పడింది. మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికింది. రెండోది అట్లనే ఉంది.

మా గేరిలో ఆ రెండో ప్రశ్న అడిగింది చదువురాని ఒక ముసలవ్వ. "దేవుడొక్కడేనంటివి. మాలోళ్లకొక గుడి, మనకొక గుడి ఎందుకయ్యా?" పటేలుకు జవాబు చెప్పిన మా నాయిన ఆ దినం నోరు తెరవలే. ఆ యేడు కోత పండుగ ఆరాధన మాలగేరిల పెట్టించిండు. పెద్దమనుషులు గులిగిండ్రు, కానుకలు ఆపుతమన్నరు. మావోళ్లు నాలుగిండ్లు రాలే, వాళ్లవి ఆరిండ్లు రాలే. వచ్చినోళ్లు ఒక్క గిన్నెలనే తాగిండ్రు. రాని పదిండ్ల పేర్లు నాయిన నోటుబుక్కు ఎనక పేజీల రాసిపెట్టుకుండె, మళ్ల పోయి అడగనీకె.