అమెరికాలో బాలల రక్షణ విచారణలు – తల్లిదండ్రుల హక్కులు: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
ఇంట్లో బిడ్డకు హాని జరుగుతున్నదని ఫిర్యాదు అందినప్పుడు ప్రభుత్వోద్యోగి ఆ ఇంటి గడప దాటవచ్చునా? దాటితే ఏ నియమాలకు లోబడాలి? అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ ప్రశ్నకు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అక్కడ విచారణాధికారం, తల్లిదండ్రుల హక్కులు వేర్వేరు దారులలో ఎదిగాయి. ఫలితంగా హక్కుల రక్షణ వ్యాజ్యం చివరి దశలో బలంగానూ, తొలి దశలో బలహీనంగానూ నిలిచింది. ఈ అసమానతను పరిశీలించడమే వ్యాస లక్ష్యం.

విచారణాధికార వికాసం:
1874లో న్యూయార్క్ నగరంలో మేరీ ఎలెన్ అనే బాలిక తాను పెరుగుతున్న ఇంట్లో హింసకు గురవుతున్న సంగతి వెలుగులోకి వచ్చింది. జంతుహింస నివారణ సంఘ స్థాపకుడు హెన్రీ బెర్గ్, న్యాయవాది ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ చొరవతో విషయం కోర్టుకు చేరింది. జంతురక్షణ చట్టం కిందనే ఆమెను కాపాడారన్న ప్రచారం వాస్తవం కాదు. నిర్బంధంలోని వ్యక్తిని హాజరుపరచే రిట్ ద్వారా కోర్టు జోక్యం చేసుకున్నది. లోపించినది చట్టం కాదు, దానిని అమలుపరచే యంత్రాంగం. ఆ లోటును పూరించడానికి బాలలపై క్రూరత్వ నివారణ సంఘం ఏర్పడింది.

1962లో వైద్యుడు హెన్రీ కెంప్, ఆయన సహచరులు ‘బ్యాటర్డ్ చైల్డ్ సిండ్రోమ్’ వ్యాసం ప్రచురించడంతో ఈ సమస్య వైద్యరంగం దృష్టికి బలంగా వచ్చింది. కొద్ది సంవత్సరాలలోనే రాష్ట్రాలన్నీ వైద్యులు తదితరులు అనుమానాన్ని తప్పనిసరిగా తెలియజేయాలని చట్టాలు చేశాయి. 1974 నాటి సమాఖ్య చట్టం నిధుల మంజూరును ఫిర్యాదుల స్వీకరణ, సత్వర విచారణ, ఫిర్యాదుదారుల రక్షణ అనే నిబంధనలతో ముడిపెట్టింది. దెబ్బలతోపాటు ‘నిర్లక్ష్యం’ కూడా విచారణ పరిధిలోకి రావడంతో పేదరికానికీ నిర్లక్ష్యానికీ మధ్య గీత గీయడం కష్టమైంది.

తల్లిదండ్రుల హక్కులు:
బిడ్డల పెంపకం రాజ్యాంగం రక్షించే స్వేచ్ఛ అని సుప్రీంకోర్టు మేయర్ (1923), పియర్స్ (1925) తీర్పులలో గుర్తించింది. అయితే ఆ స్వేచ్ఛకు పరిమితులున్నాయని ప్రిన్స్ (1944) తీర్పు స్పష్టపరచింది. లాసిటర్ (1981) కేసులో తల్లిదండ్రుల హక్కుల రద్దుకు సంబంధించిన ప్రతి వ్యాజ్యంలోనూ పేదలకు ప్రభుత్వం న్యాయవాదిని సమకూర్చవలసిన అవసరం లేదని 5–4 మెజారిటీతో తీర్పు వచ్చింది. మరుసటి ఏడు శాంటోస్కీ కేసులో మాత్రం హక్కుల రద్దుకు స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం ఉండాలని కోర్టు నిర్దేశించింది. ఆదివాసీ కుటుంబాలకు అంతకన్నా గట్టి రక్షణను, న్యాయవాది సహాయంతో సహా, కాంగ్రెస్ 1978లోనే కల్పించడం గమనార్హం.

తొలి దశలోని వెలితి:
ఈ తీర్పులలో కీలకమైనవి హక్కుల రద్దు దశకు చెందినవి. తలుపు తట్టిన వేళకు వర్తించే నియమాలు ఆలస్యంగా, అసంపూర్ణంగా వచ్చాయి. అత్యవసరం గాని సమ్మతి గాని లేనిదే వారంటు లేకుండా ఇంట్లో ప్రవేశించరాదని 1999లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు కలబ్రెట్టా కేసులో చెప్పింది. తొలి పరిచయంలోనే ఆరోపణ ఏమిటో తెలియజేయాలన్న షరతు సమాఖ్య చట్టంలో 2003లో చేరింది. అయితే ఆరోపణ తెలియడం వేరు, ప్రవేశాన్ని నిరాకరించవచ్చునని తెలియడం వేరు. 1997 నాటి చట్టం ప్రకారం గడచిన 22 నెలలలో 15 నెలలు బిడ్డ ప్రభుత్వ సంరక్షణలో ఉంటే, కొన్ని మినహాయింపులతో, హక్కుల రద్దుకు పిటిషను వేయాలి. కనుక మొదటి రోజు జరిగిన పొరపాటు చివరి తీర్పు దాకా వెంటాడుతుంది.

ముగింపు:
బిడ్డ పక్షాన కూడా వెలితి ఉంది. తండ్రి కొడుతున్నాడని తెలిసీ కాపాడలేకపోయిన ప్రభుత్వం రాజ్యాంగరీత్యా బాధ్యురాలు కాదని 1989లో డిషానీ తీర్పు చెప్పింది. ప్రవేశాధికారం విస్తరించినంత మాత్రాన రక్షణ ఖాయం కాలేదన్నమాట. పద్నాలుగవ సవరణ ‘వ్యక్తి’కి రక్షణ ఇస్తుంది, పౌరునికి మాత్రమే కాదు, అందువల్ల అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ చరిత్ర వర్తిస్తుంది. బిడ్డ భద్రత, తల్లిదండ్రుల హక్కు పరస్పర విరుద్ధాలు కావు. తొలి విచారణ న్యాయబద్ధంగా సాగినప్పుడే రెండూ నిలుస్తాయి.