కులం అడగని క్యూ వెనక కథ

పోయిన భాగంలో హైదరాబాద్‌లో అద్దె ఇళ్ల కోసం తిరిగే మన పిల్లల గురించి రాశాను. గేటు దగ్గరే "మీరేమిట్లు?" అని అడిగి, చెప్పగానే "నిన్ననే ఇచ్చేశామండీ" అనే ఓనర్ల గురించి. అది చదివి స్వీడన్‌లో చదువుకుంటున్న తమ్ముళ్లు కొందరు "అన్నా, ఇక్కడ ఆ గొడవే లేదు, వీళ్లు మంచోళ్లు" అని రాశారు. మంచితనం సంగతి పక్కన పెట్టి చరిత్ర చూద్దాం.

కార్ల్స్‌క్రోనానే తీసుకోండి. 1680లో నౌకాదళం కోసం కట్టిన చిన్న సముద్రతీర పట్నం. అక్కడి బ్లెకింగె టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్‌కు మన తెలుగు విద్యార్థులు చాలామంది వెళ్లారు. స్వీడన్‌లో ఇలాంటి పట్నాలకు సాధారణంగా మునిసిపాలిటీ సొంత ఇళ్ల కంపెనీయే ఉంటుంది. పేరు రాయించుకుని ఎక్కువ రోజులు ఆగినవాళ్లకు ముందు ఇల్లు. ఆదాయం చూస్తారు, పాత బాకీలు చూస్తారు. తాత ఏ పని చేశాడో అడగరు.

ఈ క్యూ ఎవరో దయతలచి పెట్టింది కాదు. 1945 దాకా స్వీడన్ పల్లెల్లో స్టాతరెలు ఉండేవాళ్లు. భూస్వామి దగ్గర ఏడాది ఒప్పందం మీద పెళ్లాం బిడ్డలతో సహా బతికే కూలీలు. జీతంలో ఎక్కువ భాగం గింజలు, పాలు. భార్య వెళ్లి దొర ఆవులకు పాలు పితకాలి. మన పాలేరు బతుకే. ఇల్లూ దొరదే కాబట్టి పని పోతే ఇల్లూ పోయేది. అక్టోబరు చివర సామాను బండికెత్తి మరో దొర దగ్గరికి నడిచేవాళ్లు. ఆ కుటుంబంలో పుట్టిన ఇవార్ లో-యోహాన్సన్ ఆ బతుకుల్నే కథలుగా, నవలలుగా రాశాడు. వ్యవసాయ కూలీల సంఘం కొట్లాడి 1945లో ఆ పద్ధతిని ఎత్తేయించింది. పట్నాల్లో అద్దెకుండేవాళ్లకు 1923 నుంచే దేశవ్యాప్త సంఘం ఉంది. ఇలాంటి ఉద్యమాల బలం మీదే మునిసిపాలిటీ ఇళ్లు పేదలకు మాత్రమే కాక అందరికీ అనే విధానం నిలబడింది. 1965 నుంచి 1974 వరకు, ఎనభై లక్షల జనాభా ఉన్న దేశంలో దాదాపు పది లక్షల ఇళ్లు కట్టారు.

అయితే ఆ "అందరిలో" రోమా ప్రజలు చాలాకాలం లేరు. 1914 నుంచి 1954 దాకా రోమాలు దేశంలోకి రాకుండా నిషేధం. ఉన్నవాళ్లను మునిసిపాలిటీలు స్థిరపడనివ్వలేదు. స్వీడన్ తనను తాను "ప్రజల ఇల్లు" అని పిలుచుకుంటున్న రోజుల్లోనే వాళ్లు గుడారాల్లో, బండ్లలో ఉన్నారు. గుడారాల్లో పెరిగి, పెద్దయ్యాక చదువు నేర్చుకున్న కతరీనా తైకాన్ 1963లో పుస్తకం రాసి, ఇల్లూ బడీ మా హక్కు అని వీధికెక్కింది. ప్రభుత్వం ఈ అన్యాయాలను శ్వేతపత్రంలో ఒప్పుకున్నది 2014లో.

కాబట్టి తమ్ముళ్లూ, క్యూలో నిలబడే హక్కు కూడా కొట్లాడి తెచ్చుకున్నదే.

ఇంకో సంగతి. కొత్తగా దిగిన విద్యార్థికి క్యూలో రోజులుండవు. ముందు దొరికేది తెలుగువాళ్ల ఫ్లాట్‌లో ఒక గది. అక్కడ "మీ ఇంటిపేరేంటి? ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు?" మొదలవుతుంది. 1917లో విదేశీ చదువు చదివొచ్చిన అంబేడ్కర్‌ను బరోడాలో పార్సీ సత్రం నుంచి వెళ్లగొట్టారు. ఇల్లు ఒకరి ఇష్టం మీద ఆధారపడినంత కాలం పుట్టుక అడుగుతూనే ఉంటారు, బరోడా అయినా బాల్టిక్ తీరమైనా.

స్వీడన్‌లో 2009లో అమల్లోకి వచ్చిన వివక్ష నిరోధక చట్టం ఇళ్లకూ వర్తిస్తుంది. అందులో జాతి, మతం, వయసు ఉన్నాయి. కులం అనే మాట లేదు. 2023లో అమెరికాలోని సియాటిల్ నగరం ఆ మాటను తన చట్టంలో రాసింది, అదీ మనవాళ్లు అడిగితేనే. మన దేశంలో అయితే ప్రైవేటు అద్దె ఇళ్లలో వివక్షను సూటిగా ఆపే సమగ్ర చట్టమే ఇంకా లేదు.

అక్కడున్నవాళ్లు అక్కడ ఆ మాట రాయించండి. ఇక్కడున్న మనం ఇక్కడ ఆ చట్టం అడుగుదాం. జై భీమ్.