పుకారుకి పోయిన ఉద్యోగం

1826లో కలకత్తా హిందూ కాలేజీలో మేష్టారుగా చేరేనాటికి హెన్రీ డెరోజియోకి 17 ఏళ్లు. ఇంగ్లీషు వస్తే కొలువు దొరుకుతుందని పెద్దలు పిల్లల్ని అక్కడికి పంపేవారు. ఆయనేమో దేన్నీ ప్రశ్నించకుండా నమ్మొద్దని నేర్పాడు! క్లాసయ్యాక కూడా చర్చలే. 1828లో మొదలైన అకడమిక్ అసోసియేషన్‌లో కుర్రాళ్లు దేవుడు, విగ్రహారాధన, తలరాత అన్నిటి మీదా వాదించుకున్నారు.

అప్పట్లో వాట్సాప్ లేదు. అయినా పుకారుకి సెల్‌ఫోన్ కావాలా ఏంటి? డెరోజియో దేవుడు లేడంటున్నాడట, అమ్మానాన్నల మాట వినక్కర్లేదంటున్నాడట, అన్నాచెల్లెళ్లు పెళ్లి చేసుకోవచ్చంటున్నాడట... అన్నీ "అట"లే! కొందరు పిల్లల్ని కాలేజీ మాన్పించారు. 1831 ఏప్రిల్‌లో కమిటీ ఆయన్ని పిలిచి ఒక్కమాటైనా అడక్కుండా తీసెయ్యాలని తీర్మానించింది. ఆయన రాజీనామా రాసిచ్చాడు. ఆ తర్వాత (గమనించండి, తర్వాత!) కమిటీలోని సంస్కృత పండితుడు విల్సన్ ఈ మూడు ప్రశ్నలూ ఉత్తరం రాసి అడిగాడు. దేవుడి విషయంలో హ్యూమ్ వాదన చెప్పాను, దాన్ని ఖండించిన రీడ్, స్టివార్ట్‌ల వాదనా చెప్పాను అన్నాడు డెరోజియో. మిగతా రెండూ అబద్ధాలన్నాడు. అదే డిసెంబర్ 26న కలరాతో పోయాడు. అప్పటికి 22 ఏళ్లు.

మరి, ఆయన దగ్గర చేరి "పాడైపోయిన" పిల్లలు ఏమయ్యారు? రాధానాథ్ సిక్దార్ లెక్కల్లో దిట్ట. 1831లోనే నెలకు 30 రూపాయల జీతానికి సర్వే శాఖలో చేరాడు. ఎవరెస్ట్ ఎత్తు లెక్కగట్టిన పనిలో ఆయన చెయ్యి ఉంది. రసిక్ కృష్ణ మల్లిక్‌ని కోర్టులో గంగాజలం మీద ప్రమాణం చెయ్యమంటే, గంగ పవిత్రమని నేను నమ్మను అనేశాడు. తర్వాత డిప్యూటీ కలెక్టరయ్యాడు.