చమురు ఆంక్షలు, రొయ్యల చెరువులు: ఒకే సరుకు మీద బతికే ఆర్థిక వ్యవస్థల తీరు

ఒక దేశపు ఎగుమతి రాబడిలో సగానికి పైగా ఒక్క సరుకు నుంచే వస్తుంటే, ఆ సరుకు ధరే ఆ దేశపు జమాఖర్చులను శాసిస్తుంది. చమురు దేశాల్లో ఈ స్థితి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ప్రభుత్వ ఖజానా, విదేశీ మారకం, బయటి నుంచి తెచ్చుకునే తిండి, మందులు అన్నీ పీపా ధరను అంటిపెట్టుకునే ఉంటాయి. ఇటువంటి వ్యవస్థకు దెబ్బ రెండు రకాలుగా తగులుతుంది. ధర పడితే సరుకు అమ్ముడవుతుంది గానీ డబ్బు తక్కువ వస్తుంది. ఆంక్షలు పడితే ధర ఉన్నా అమ్మే దారి, డబ్బు చేతికొచ్చే దారి మూసుకుపోతాయి. రెండూ కలిసి వచ్చినప్పుడు నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నది ముఖ్యంగా ఒక్కదాన్ని బట్టి తేలుతుంది: సరుకును చేతిలో పెట్టుకున్నవాడు ఎన్నాళ్లు ఆగగలడు? 2025లో చమురు ఆంక్షల సెగ దిగువ కృష్ణా డెల్టా రొయ్యల చెరువులను తాకడంతో, ఈ ప్రశ్నను చాలా దగ్గర నుంచి పరిశీలించే వీలు దొరికింది.

ముందు చమురు సంగతి. 2014 మార్చిలో రష్యా క్రిమియాను కలుపుకున్నాక అమెరికా, యూరప్ దేశాలు ఆంక్షలు విధించాయి. రష్యన్ బ్యాంకులకు దీర్ఘకాలిక అప్పులు, ఆర్కిటిక్ సముద్రంలో చమురు వెలికితీతకు కావలసిన పరికరాలు ఆగిపోయాయి. అదే ఏడాది జూన్‌లో 115 డాలర్ల దగ్గర ఉన్న బ్రెంట్ చమురు పీపా ధర మరుసటి జనవరికి 50 డాలర్ల కిందికి జారింది. నవంబరులో రష్యా కేంద్ర బ్యాంకు రూబుల్‌ను మార్కెట్‌కు వదిలేసింది. డిసెంబరు 16 తెల్లవారేసరికి వడ్డీ రేటు 10.5 నుంచి 17 శాతానికి ఎక్కింది. అయినా ఆ రోజు రూబుల్ పతనం ఆగలేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడాలి. 2013లో బ్రెంట్ సగటు ధర సుమారు 109 డాలర్లు, డాలరుకు సుమారు 32 రూబుళ్లు. అంటే పీపాకు 3,500 రూబుళ్లకు కాస్త తక్కువ. 2015లో సగటు ధర 52 డాలర్లు, డాలరుకు 61 రూబుళ్లు. పీపాకు సుమారు 3,170. డాలర్లలో ధర సగానికి పైగా పడిపోయినా, రూబుళ్లలో పదో వంతు కూడా తగ్గలేదు. జీతాలు, పింఛన్లు ఇచ్చేది రూబుళ్లలోనే కాబట్టి ఖజానా నిలబడింది. మరి నష్టం ఎక్కడికి పోయింది? విదేశీ సరుకు కొనుక్కునే మామూలు మనిషి మీదికి. 2015 చివరికి ద్రవ్యోల్బణం 13 శాతానికి చేరువైంది. నాణెం విలువ పడిపోవడం ఒక విధంగా ప్రభుత్వం ప్రజల మీద వేసిన పన్ను లాంటిదే. కాకపోతే ఏ శాసనసభా దానికి ఓటు వెయ్యలేదు.

ఇరాన్‌ది మరో దారి. 2012లో యూరప్ ఆ దేశపు చమురు కొనడం మానింది, అంతర్జాతీయ బ్యాంకుల సందేశ వ్యవస్థ అయిన స్విఫ్ట్ నుంచి ఇరాన్ బ్యాంకులను తప్పించింది. చమురు అమ్మినా డబ్బు ఇంటికి తెచ్చుకోలేని స్థితి వచ్చింది. భారత్ కొన్న చమురుకు కొంత డబ్బు కోల్‌కతాలోని యూకో బ్యాంకులో రూపాయల్లో జమ అయ్యేది. ఆ రూపాయలతో ఇరాన్ ఇక్కడి నుంచి బాస్మతి బియ్యం, తేయాకు, మందులు కొనుక్కునేది. పాతకాలపు వస్తుమార్పిడి కొత్త చొక్కా తొడుక్కుని వచ్చిందన్నమాట. అమెరికా మినహాయింపు ముగియడంతో 2019 మేలో ఆ కొనుగోళ్లూ ఆగాయి. వెనిజులా విషయంలో మాత్రం ఆంక్షలను అతిగా నిందించడం సరికాదు. 2019 జనవరిలో అక్కడి ప్రభుత్వ చమురు సంస్థపై ఆంక్షలు పడేనాటికే ఉత్పత్తి భారీగా పడిపోయి ఉంది, అతి ద్రవ్యోల్బణం దేశాన్ని కమ్మేసి ఉంది.

2022లో యుక్రెయిన్ యుద్ధంతో రష్యా కథ మళ్లీ మొదలైంది. ఆ ఏడాది డిసెంబరు 5 నుంచి సముద్రం మీదుగా వచ్చే రష్యా ముడి చమురును యూరప్ మానేసింది. ఇతర దేశాలకు అమ్మే చమురుకు పీపాకు 60 డాలర్ల పరిమితి పెట్టారు. ఓడలు దారి మళ్లాయి. యుద్ధానికి ముందు భారత చమురు దిగుమతుల్లో రెండు శాతం కూడా లేని రష్యా వాటా మూడో వంతు దాటింది. రష్యా తగ్గింపు ధరకు అమ్మింది, కానీ అమ్మింది. చమురుకు ఉన్న సౌలభ్యమే ఇది. ఓడలో నెలల తరబడి ఉంచవచ్చు, కొత్త బేరగాడు దొరికేదాకా తిప్పవచ్చు, తప్పనిసరైతే తోడకుండా భూమిలోనే వదిలెయ్యవచ్చు.

భారత్ చేసిన ఈ రష్యా చమురు కొనుగోళ్లకు జరిమానాగా 2025 ఆగస్టు 6న అమెరికా అధ్యక్షుడు భారత సరుకుల మీద అదనంగా 25 శాతం సుంకం ప్రకటించారు. అంతకుముందే ఉన్న 25తో కలిపి ఆగస్టు 27 నుంచి అది 50 శాతం అయింది. రొయ్యల మీద అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కలిపితే మొత్తం 58 శాతం దాటింది. ఈ ఉత్తర్వుల్లో ఒక విడ్డూరం ఉంది. పెట్రోలియం ఉత్పత్తులకు ఈ సుంకాల నుంచి మినహాయింపు ఇచ్చారు. చమురు కొని శుద్ధి చేసిన సరుకు మీద సుంకం పడలేదు. ఆ చమురుతో ఏ సంబంధమూ లేని, దిగువ కృష్ణా డెల్టాలోని నాగాయలంక రొయ్య మీద పడింది.

దిగువ కృష్ణా డెల్టాలో రొయ్య ఇంత పెద్ద సరుకు కావడం వెనక నేల కథ ఉంది. ఉయ్యూరు, పామర్రు ప్రాంతంలో కాలవ నీరు అందే నల్లరేగడి భూములు చెరకుకూ వరికీ అలవాటు పడ్డాయి. బందరు దాటి కృత్తివెన్ను, బంటుమిల్లి వైపు, దివిసీమలో కోడూరు, నాగాయలంక వైపు పోయేకొద్దీ కాలవలు చివరి అంకానికి చేరతాయి, నీరు ఆలస్యంగా అందుతుంది, భూగర్భ జలం ఉప్పగా ఉంటుంది. వరి సరిగా పండని ఈ శివారు భూముల్లోకి 1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చింది. ఆ దశకం మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులను ఊడ్చేసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగును తీవ్రంగా కట్టడి చేసింది. 2005 చట్టంతో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఏర్పడ్డాక సాగుకు చట్టబద్ధమైన చోటు దొరికింది. 2009లో వనామి రకానికి అనుమతి రావడంతో అసలు మార్పు మొదలైంది. థాయ్‌లాండ్‌ను ఈఎంఎస్ తెగులు దెబ్బతీసిన 2013 ప్రాంతంలో ధరలు ఎగిరాయి, చెరువుల కౌలు ఎగిరింది.

సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ లెక్కల ప్రకారం 2024-25లో భారత్ 7,41,529 టన్నుల ఘనీభవించిన రొయ్యలను ఎగుమతి చేసింది. అందులో 3,11,948 టన్నులు, అంటే నూటికి 42 వంతులు, అమెరికాకే వెళ్లాయి. దేశం మొత్తం సముద్ర ఉత్పత్తుల డాలర్ల రాబడిలో రొయ్య వాటా 69 శాతం పైమాటే. ఎగుమతి రొయ్యలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది. ఒకే సరుకు, దానికి ఒకే పెద్ద బజారు. చమురు దేశపు నిర్మాణం కొన్ని మండలాల పరిధిలో తిరిగి కట్టినట్టే ఉంటుంది.

బందరు ప్రాంతానికి ఈ నిర్మాణం కొత్త కాదు. 1611లో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ బందరులో వర్తక స్థావరం పెట్టింది అద్దకం బట్ట కోసమే. ఆ బట్టలు లండన్‌లో మరీ ఎక్కువ అమ్ముడుపోతున్నాయని అక్కడి నేతవాళ్లు గొడవ చేస్తే 1700లో అద్దిన బట్టల దిగుమతిని, 1721లో వాడకాన్నే ఇంగ్లండు చట్టం చేసి ఆపింది. అమ్మకానికి అడ్డుకట్ట వెయ్యాలంటే రేవు దగ్గర ఫిరంగులు అక్కర్లేదని ఆనాడే తేలింది.

చెరువు గట్టు మీద నిలబడి చూస్తే చమురుకూ రొయ్యకూ తేడా అర్థమవుతుంది. రొయ్య ధర కౌంటులో నడుస్తుంది: కిలోకు వంద తూగితే వంద కౌంట్, అంటే ఒక్కోటి పది గ్రాములు, యాభై తూగితే యాభై కౌంట్. అమెరికాకు పెద్ద రొయ్య కావాలి, అందుకే రైతు ముప్పై, నలభై కౌంటు దాకా పెంచుతాడు. ఒక చెరువులో యాభై కౌంటు రొయ్య మూడు టన్నులు ఉందనుకుందాం. అది రోజూ తన బరువులో రెండున్నర, మూడు శాతం మేత తింటుంది: 75 నుంచి 90 కిలోలు. కిలో మేత వంద రూపాయలనుకుంటే రోజుకు ఎనిమిది వేలకు అటూ ఇటూ. దీనికి ఏరియేటర్ల కరెంటు, కరెంటు పోతే జనరేటర్ డీజిలు, ఖనిజ లవణాలు, ప్రోబయోటిక్ మందులు అదనం. పది రోజులు ధర కోసం ఆగితే లక్ష రూపాయల దాకా నీళ్లలో పోసినట్టే. ఆ పది రోజుల్లో రొయ్య బరువు పెరిగే మాట నిజమే. కానీ పెద్ద రొయ్యకే సుంకం గట్టిగా తగిలితే ఆ పెరుగుదలకు గిరాకీ ఉండదు. ఈలోగా ఒక రాత్రి ఆక్సిజన్ పడిపోయినా, చెక్ ట్రేలో తెల్లమచ్చలున్న రొయ్య ఒక్కటి కనిపించినా, తెల్లారేసరికి పట్టుబడి చేసి, అంటే చెరువులోని రొయ్యంతా పట్టేసి, వచ్చిన ధరకు ఇచ్చెయ్యాల్సిందే.

చమురు అమ్మేవాడు ఆగగలడు కాబట్టి తగ్గింపు ధరతో బయటపడతాడు. రొయ్య రైతు ఆగలేడు కాబట్టి, కొనేవాడు చెప్పిన ధరే అతనికి ధర. 2025 ఏప్రిల్ 2న సుంకాల ప్రకటన వెలువడగానే, ఒక్క రొయ్య మీద కూడా సుంకం కట్టకముందే, చెరువు గట్ల మీద కిలో ధర పదుల రూపాయలు పడిపోవడానికి కారణం ఇదే. ఏప్రిల్ 9న తొంభై రోజుల విరామం ప్రకటించినా, ఆ వారం పట్టుబడి చేసినవాడి నష్టం నష్టంగానే మిగిలింది. ఎగుమతిదారుకు శీతల గిడ్డంగి ఉంది, కొన్ని నెలలు ఆగగలడు. మేత డీలరు అరువు ఇచ్చి పట్టుబడి సొమ్ములో ముందే తన బాకీ మినహాయించుకుంటాడు. చెరువు యజమానికి కౌలు ముందే ముట్టి ఉంటుంది. గొలుసు చివర మిగిలేది కౌలు రైతు. సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి కేంద్రానికి రాసిన లేఖలో సగం ఎగుమతి ఆర్డర్లు రద్దయ్యాయని, నష్టం 25 వేల కోట్ల రూపాయలని పేర్కొన్నారు. ఆ మొత్తాన్ని గొలుసులో ఎవరెవరు ఎంతెంత మోశారన్నది మాత్రం అటువంటి లెక్కల్లో కనిపించదు.

రష్యాను కాపాడిన మారకం రేటు ఇక్కడ పెద్దగా అక్కరకు రాలేదు. 2025 మొదట్లో డాలరుకు 86 రూపాయలకు చేరువలో ఉన్న రేటు ఆగస్టు చివరికి 88 దాటింది. రెండు మూడు శాతం ఊరటతో యాభై శాతం సుంకాన్ని పూడ్చడం చెంబుతో ఏరు తోడడమే. ఈ కోణంలో ఈక్వడార్ ఆసక్తికరమైన పోలిక. ఆ దేశం చమురూ అమ్ముతుంది, రొయ్యా అమ్ముతుంది. ఏటా పది లక్షల టన్నులకు పైగా రొయ్య ఎగుమతి చేసే దేశం అది. 2000 సంవత్సరం నుంచి అక్కడి చలామణీ నాణెం డాలరే కాబట్టి ధర పడితే విలువ తగ్గించుకునే సొంత నాణెమే లేదు. అయినా 2025 ఆగస్టులో దాని మీద అమెరికా సుంకం 15 శాతమే కావడం, రవాణా దూరం తక్కువ కావడం వల్ల కృష్ణా రొయ్య వదిలిన చోటును ఆక్రమించుకునే అవకాశం దానికే దక్కింది.

దారి మళ్లించే ప్రయత్నాలు ఇటూ జరిగాయి. 2025 జులై 24న బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో రొయ్య మీద సుంకం ఎత్తివేతకు చోటు దొరికింది. సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ మరో 102 భారత యూనిట్లకు అనుమతి ఇచ్చింది. తెల్లమచ్చ వైరస్ భయంతో 2017లో దిగుమతులు బిగించిన ఆస్ట్రేలియా, పొట్టు తియ్యని భారత రొయ్యకు 2025 అక్టోబరులో తొలి అనుమతి ఇచ్చింది. ఇవి మంచి పరిణామాలే గానీ ఒక చిక్కు ఉంది. చమురుకు శుద్ధి కర్మాగారం దొరికితే చాలు. రొయ్యకు బజారు మారితే కౌంటు మారాలి, ప్యాకింగ్ మారాలి, యాంటీబయోటిక్ అవశేషాల పరీక్షలు మారాలి; యూరప్ తనిఖీ అమెరికా తనిఖీ కంటే కఠినం. అంటే చెరువులో పిల్ల వేసే రోజునే ఏ దేశానికి పెంచుతున్నామో తెలిసి ఉండాలి.

ఇంతా చేసి ఆగలేకపోవడానికి మరో వైపు ఉంది: వెనక్కి రాలేకపోవడం. ఉయ్యూరు పరిసరాల్లో చెరకు వేసే రైతుకూ కొనేది ఒకే ఫ్యాక్టరీ, 1941లో వెలగపూడి రామకృష్ణ స్థాపించిన కేసీపీ. కానీ చెరకుకు కేంద్రం నిర్ణయించే ధర ఉంది (2025-26కు క్వింటాలు 355 రూపాయలు, 10.25 శాతం రికవరీకి), గిట్టకపోతే మోళ్లు తవ్వేసి మరుసటి కారుకు వరి వెయ్యవచ్చు. చెరువుకు ఆ వెసులుబాటు లేదు. కృత్తివెన్ను శివారు భూమిని తవ్వి, గట్టు పోసి, ఏళ్ల తరబడి ఉప్పునీరు నిలిపాక అది మళ్లీ వరిచేను కావాలంటే గట్లు చదును చెయ్యాలి, జిప్సం వెయ్యాలి, మంచినీటితో కొన్ని కార్లపాటు ఉప్పును కడిగి మురుగు కాలవలోకి దించాలి. ఆ మంచినీరు రావలసింది కాలవ చివరి అంకం నుంచే; ఆ నీరు సరిగా అందకనే ఆ భూమి చెరువైంది.